పదకొండో నంబరు తాళంచెవి

ఈ ఊరి చరిత్ర ఇదివరకే ఒక పెద్దమనిషి రాశాడు. ముందు అట్ట మీద పొలాల ఫొటో, వెనక అట్ట మీద టై కట్టుకున్న తన ఫొటో వేయించుకున్నాడు. మళ్ళీ నువ్వెందుకు రాస్తున్నావని ఎవరైనా అడిగితే దాచకుండా చెబుతాను, కక్షతో రాస్తున్నాను. మాది పల్నాడు వైపు. మా నాయనమ్మ ఒక పెళ్ళిలో తనకు రెండో పంక్తిలో విస్తరి వేశారని ఆ ఇంటి గడప ముప్ఫై ఏళ్ళు తొక్కలేదు. నాదీ ఆ రక్తమే. ఇంగ్లండ్ చలి దాన్నేమీ చల్లార్చలేదు.

ఆ ఊళ్ళో నేను అడుగుపెట్టింది 2009లో. మా ఆయన టౌన్‌లో ఆస్పత్రి డాక్టరు. నేను గుంటూరులో ఫార్మసీ చదివి, ఆయన వీసా వెంట వచ్చి, ఏడాదిపాటు ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్నాను. టౌన్‌కు పదిహేను మైళ్ళ అవతల ఒక పల్లెలో జీపీ సర్జరీకి, అంటే మామూలు డాక్టరు క్లినిక్‌కు, చిన్న బ్రాంచి ఉందనీ, మంగళ, శుక్రవారాల్లో మందులిచ్చే మనిషి కావాలనీ తెలిసి దరఖాస్తు పెట్టాను. అంత దూరం ఎవరూ వెళ్ళరు కాబట్టి ఉద్యోగం నాకొచ్చింది.

ఆ నేల ఒకప్పుడు నీళ్ళూ రెల్లూ. తిన్నగా కాలవలు తవ్వి, నీళ్ళు తోడేసి పొలం చేశారు. అందుకే ఎటు చూసినా పీట వేసినట్టు చదును. మన నల్లరేగడి గుర్తొచ్చే మట్టి, అందులో బంగాళాదుంపలు, చక్కెర తీసే షుగర్ బీట్ దుంపలు. గాలికి అడ్డం పడేది ఏదీ లేదు, కారు తలుపు తెరిస్తే చేతిలోంచి లాక్కుపోయేది. అంత పొలానికీ మధ్యలో ఒకటే రోడ్డు, దాని వెంబడి పందొమ్మిది కాపురాలు. కొట్టు మూసేసి పాత బోర్డు మాత్రం ఉంచారు. బడిలో ట్రాక్టరు సామాన్లు పెట్టుకున్నారు. బస్సు వారానికి ఒక్కసారి గురువారం వచ్చేది, అదీ ఒక్కోసారి రాదు. ఒకప్పుడు ఆ బడిలో పిల్లలకు బెంచీలు చాలక కింద కూర్చోబెట్టేవాళ్ళట. ఆ మాట నమ్మడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మా సర్జరీ చాపెల్ వెనక హాల్లో ఉండేది, చాపెల్ అంటే ఊరి చిన్న చర్చి. చాపెల్‌లో ప్రార్థనలు ఆగిపోయి చాలా కాలమైంది. పేషెంట్లు కూర్చునే గదిలో గోడకు ఒక పొడవాటి చెక్క, దానికి పన్నెండు కొయ్య మేకులు, ఒక్కో మేకు కింద ఇత్తడి అంకె, ప్రతి మేకుకూ జానెడు ఇనప తాళంచెవి వేలాడేవి. అలంకారానికి పెట్టారనుకున్నాను. ఇక్కడివాళ్ళకు తుప్పు పట్టిన వస్తువంటే ప్రాణం కదా.

పెద్దమనిషి మొదటి శుక్రవారమే వచ్చాడు. కనుచూపు మేర పొలమంతా ఆయనదే. ఊరి హాలు కమిటీకి ఛైర్మన్, చరిత్ర బృందానికి ఛైర్మన్, ఇంకా దేనికైనా ఛైర్మన్ కావాలంటే దానికీ ఆయనే. మందుల కిటికీ దగ్గర నిలబడి, నా తల మీదుగా లోపలికి చూసి, "ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"నేనున్నాను. చెప్పండి," అన్నాను ఇంగ్లీషులోనే.

"నెమ్మదిగా చెప్పు. నాకు అర్థం కాలేదు."

ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట. కానీ ఆయన నోట్లో అది ఎప్పుడూ నువ్వే. నెలకోసారి వచ్చేవాడు, నెలకోసారి అదే మాట అనేవాడు. ఆయనకు ఏ జబ్బులున్నాయో, ఏ మందులు తీసుకునేవాడో ఇక్కడ రాయను. రాస్తే నా కడుపు సగం చల్లబడుతుంది. కానీ ఆ కిటికీ వెనక నేర్చుకున్న మర్యాద అది, ఆయన కోసం దాన్ని పోగొట్టుకోను.

మూడేళ్ళు గడిచాయి. 2012లో మహర్నవమి నా డ్యూటీ రోజున పడింది. మా ఇంట్లో ఆ రోజు కత్తిపీట దగ్గర్నుంచి స్కూటర్ దాకా అన్నిటినీ కడిగి బొట్టు పెట్టేవాళ్ళం. అన్నం పెట్టే వస్తువుకు ఏడాదికొకసారి దండం పెట్టకపోతే నాకు తోచదు. డాక్టరు రాకముందే మాత్రలు లెక్కపెట్టే పళ్ళేనికీ, లేబుళ్ళు కొట్టే మెషీన్‌కూ, ఫ్రిజ్‌కూ పసుపు, కుంకుమ పెట్టాను. చేతిలో కుంకుమ మిగిలింది. గోడ మీద తాళంచెవులు పాపం బోసిగా కనబడ్డాయి. ఇన్నేళ్ళు ఏదో ఒక ఇంటికి పనిచేసిన ఇనుమే కదా అనుకుని పన్నెండింటికీ తలా ఒక బొట్టు పెట్టాను. చూడముచ్చటగా ఉందని కాసేపు అక్కడే నిలబడ్డాను కూడా.

పది గంటలకు ఆవిడ వచ్చింది. రోడ్డు చివర కౌన్సిల్ అద్దెకిచ్చిన చిన్న బంగళాలో ఒంటరిగా ఉండే ముసలావిడ. అప్పటికి ఎనభైకి దగ్గర. అక్కడి ఆడవాళ్ళు ముద్దుగా అందరినీ "డక్" అని పిలుస్తారు, నన్నూ అలాగే పిలిచేది. ఎప్పుడూ ఆ తాళంచెవుల కింద కుర్చీలోనే కూర్చునేది. ఆ రోజు కూర్చోబోయి, పైకి చూసి, నిలబడిపోయింది.

"ఎవరు చేశారిది?"

నేనే చేశానని నవ్వుతూ చెప్పాను. మా పండగ, మంచి జరుగుతుందని పెట్టాం, అన్నాను. ఆవిడ వినలేదు. బ్యాగులోంచి చేతిరుమాలు తీసి, మూల నాలుకతో తడిపి, పదకొండో నంబరు తాళంచెవి మీది బొట్టు తుడిచేసింది. తుప్పు రాలేదాకా తుడిచింది.

"నా ఇంటికి మళ్ళీ ఎర్ర గుర్తు పెట్టకు, డక్," అని మందులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

పండగ పూట పెట్టిన బొట్టు చెరిపిందని నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనతో చెబితే, "నీకెందుకే ఆ గోడమీది సంగతులు? డ్యూటీ రోటా ప్రకారం వెళ్ళామా, వచ్చామా, అన్నట్టుండు," అన్నాడు. రెండు వారాలు ఆవిడతో ముభావంగా ఉన్నాను. మూడో శుక్రవారం ఆవిడే బిస్కెట్ల డబ్బా తెచ్చి కిటికీలో పెట్టింది. మధ్యాహ్నం డాక్టరు వెళ్ళిపోయాక ఇద్దరం టీ కాచుకుని తాళంచెవుల కింద కూర్చున్నాం. అసలు చరిత్ర నేను అప్పుడు విన్నాను.

కాలవ గట్టున ఒక వరసలో పన్నెండు ఇళ్ళుండేవట. అన్నీ ఆ పొలంలో పనిచేసేవాళ్ళవి. మగవాళ్ళు దున్నడానికి, ఆడవాళ్ళు దుంపలు ఏరడానికి. ఇళ్ళు ఆసామివి, కానీ తాళంచెవులు మాత్రం చాపెల్‌వి. ఎవరైనా ఇల్లు ఖాళీ చేసి వెళ్తే తాళంచెవి తెచ్చి చాపెల్‌లో ఆ ఇంటి అంకె ఉన్న మేకుకు తగిలించాలి. కొత్తగా వచ్చేవాళ్ళు ముందు చాపెల్‌కు వచ్చి, తాళంచెవి తీసుకుని, నలుగురితో టీ తాగి, ఆ తర్వాతే ఇంటికి వెళ్ళాలి. ఆసామి ఇల్లిచ్చినా, ఊరు లోపలికి రానివ్వాలన్నమాట. అంత పద్ధతిగా బతికినవాళ్ళు వాళ్ళు.

తర్వాత దుంపలు తవ్వే మెషీన్లు వచ్చాయి. పనివాళ్ళ అవసరం తీరింది. ఇళ్ళు ఉన్న చోటు కూడా దున్నుకోవచ్చని ఆసామికి తోచింది. ఆసామి కొడుకు, అప్పటికి పాతికేళ్ళవాడు, ఒక పొద్దున డబ్బా, బ్రష్షు పట్టుకుని వచ్చి పన్నెండు తలుపుల మీదా ఎర్ర రంగుతో గుండ్రటి చుక్కలు పెట్టాడు. ఈ ఇళ్ళు ప్రమాదకరం, పడగొడతాం అన్నాడు. ఆ కొడుకే మన పెద్దమనిషి.

"కూలే ఇళ్ళా అవి?" అని అడిగాను.

"మా ఆయన ఆ గోడకు మేకు కొట్టాలంటే రెండు మేకులు వంగేవి," అంది.

ఒక్కొక్కరే వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు పద్ధతి తప్పకుండా తాళంచెవి తెచ్చి మేకుకు తగిలించారు. ఎవరూ వచ్చి తీసుకోలేదు, ఎందుకంటే ఇల్లు ఖాళీ అయిన మర్నాడే పైకప్పు పెంకులు దింపించేవాడు. చివరికి పదకొండో నంబరు ఒక్కటే మిగిలింది. ఆవిడా, ఊపిరి జబ్బుతో మంచం పట్టిన భర్తా. ఇటు పదో ఇంటికి కప్పు లేదు, అటు పన్నెండో ఇంటికి లేదు. వాన రెండు గోడల్లోంచీ లోపలికి దిగేది. బీట్ కుప్పల మీద కప్పే టార్పాలిన్ తెచ్చి భర్త మంచం మీద కప్పిందట. అలా ఒక చలికాలం మొత్తం వాళ్ళు కదల్లేదు. మంచు కరిగాక, ఒక ఆదివారం, భర్త కాస్త లేచి నడవగలిగాడు. ఇద్దరూ తలుపుకు తాళం వేసుకుని చాపెల్‌కు వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి తలుపు లేదు. చట్రం, బందులు ఉన్నాయి. తలుపు ఊడదీసి తీసుకుపోయారు.

"తాళంచెవి నా చేతిలోనే ఉంది," అంది ఆవిడ. "తలుపు లేని ఇంటికి అదెందుకని ఇక్కడ తగిలించాను. ఆ ఒక్క పనీ తప్పు చేశాను."

ఆ వేసవిలో ఆ వరస మొత్తం దున్నేశారు. పన్నెండు ఇళ్ళ పిల్లలూ పోయాక బడి మూతపడింది, పిల్లలు లేక కొట్టుకు బేరం లేదు, బేరం లేక బస్సు తగ్గింది. ఆ ఊరు ఎలా చచ్చిపోయిందని అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే. దానికి తేదీ, వారం కూడా ఉన్నాయి. దాన్ని చంపినవాడు నెలకోసారి నా కిటికీ దగ్గరకు వచ్చి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఉన్నారా అని అడిగేవాడు.

ఆవిడకు ఉన్నది ఒకటే కోరిక. పెద్దమనిషి ఊరి చరిత్ర పుస్తకం రాస్తున్నాడని తెలిసింది. అందులో ఆ పన్నెండు ఇళ్ళు ఉండాలి. తాము వెళ్ళిపోలేదనీ, వెళ్ళగొట్టారనీ ఒక్క వాక్యం ఉండాలి. ఆయన్ని తిట్టక్కర్లేదు, పేరు కూడా పెట్టక్కర్లేదు. తను పోయేలోగా ఆ వాక్యం అచ్చులో చూసుకోవాలి. భర్త పోయాక ఆ చలికాలం సంగతి తెలిసిన మనిషి తనొక్కతే మిగిలింది. తన చేత్తో నాలుగు పేజీల ఉత్తరం రాసి ఆయనకు ఇచ్చింది. చూస్తానన్నాడట.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆయన మీద రాసేటప్పుడు నన్ను వదిలేస్తే అది న్యాయం కాదు.

ఒక శుక్రవారం పెద్దమనిషి వచ్చి, మొట్టమొదటిసారి నా ముఖంలోకి చూసి నవ్వాడు. "మీ ఇంగ్లీషు చాలా బాగుపడిందండీ," అన్నాడు. అవును, ఆ రోజు అది మీరే. నేను వచ్చిన రోజు ఎలా ఉందో ఆ రోజూ నా ఇంగ్లీషు అలాగే ఉంది. అయినా నా ముఖం ఎంత వెలిగిందో నాకే తెలుసు. పుస్తకంలో ఫొటో వేయడానికి రెండు తాళంచెవులు కావాలన్నాడు. ఆవిడ ఉత్తరం పని చేసిందనుకున్నాను. నాలుగు, తొమ్మిది నంబర్లు తీసి, మందుల సంచిలో పెట్టి, రెండు చేతులా అందించాను. ఆయన వెళ్ళగానే రోడ్డు చివరిదాకా పరుగెత్తి ఆవిడకు చెప్పాను. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది.

పుస్తకం ఆవిష్కరణ చాపెల్‌లోనే జరిగింది. కేకులు, టీలు, టౌన్ నుంచి వచ్చిన నలభై మంది. ఆవిడ మంచి కోటు వేసుకుని, భూతద్దం తెచ్చుకుని, ముందు వరసలో కూర్చుంది. పేజీలు తిప్పింది. కాలవలు ఎలా తవ్వారో ఉంది, వరదలున్నాయి, ఆయన తాతగారి బహుమతి ఎద్దు ఫొటోతో సహా ఉంది. టౌన్ దీపాలకు ఆకర్షితులై జనం తమ ఇష్టంతోనే ఊరు వదిలారని ఉంది. పటంలో కాలవ గట్టున ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో, సీజను కూలీల తాత్కాలిక పాకలు ఉండేవట. తాళంచెవుల ఫొటో ఒక పేజీ నిండా వేశాడు. దాని కింద రాసింది, మా పొలం ధాన్యపు కొట్ల పాత తాళంచెవులు అని.

ఆవిడ లేచి వెళ్ళి ఆయన్నే అడిగింది. ఆయన వంగి, ఆవిడ చెయ్యి తట్టి, హాలంతా వినబడేలా అన్నాడు. "ఈ వయసులో జ్ఞాపకాలు కలగాపులగం అవుతాయి. మనందరికీ వచ్చేదే."

చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో పాపం అన్నట్టు నవ్వారు. ఆవిడ ఇంటి ముందు నా కారు దిగుతూ, "నా ఉత్తరం మరీ పొడుగైందేమో," అంది. తాళంచెవులు ఇచ్చింది నేనేనన్న మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పట్నుంచి నా కక్ష మొదలైంది. చిల్లర కక్షే, ఒప్పుకుంటాను. ఆయన మందుల సంచి ఎప్పుడూ అందరికంటే ఆఖర్న ఇచ్చాను. ప్రతిసారీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా చెప్పమన్నాను. "ఇన్నేళ్ళుగా వస్తున్నాను, నేనెవరో నీకు తెలియదా?" అనేవాడు. "రూలు," అనేదాన్ని. ఇంట్లో ఈ సంగతులు చెబుతుంటే మా అమ్మాయి, "మమ్, యు ఆర్ సో పెటీ," అనేది. అవునమ్మా, అనేదాన్ని.

2016లో సర్జరీ మూసేశారు. అప్పటికి తొమ్మిది కాపురాలే మిగిలాయి. చాపెల్‌ను పెద్దమనిషి కొన్నాడు. తన పాత గాదెను పెళ్ళిళ్ళ హాలు చేస్తున్నాడట, చాపెల్‌లో అతిథుల గదులట. ఆఖరి రోజు మేకుల చెక్కను చెత్త తొట్టెలో పడేయడానికి మనుషులు వచ్చారు. మిగిలిన పది తాళంచెవులు నా టిఫిన్ బాక్సులో వేసుకున్నాను. చెక్క కారులో పట్టలేదు. వెనక తలుపు తెరిచి, తాడుతో కట్టి, ముప్ఫై మైళ్ళ వేగంతో ఇంటికి తెచ్చాను. మా ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, డ్రిల్లింగ్ మెషీన్ తెచ్చి హాల్లో గోడకు బిగించాడు.

మరుసటి ఏడు ఆవిడ కింద పడి, టౌన్‌లో కేర్ హోమ్‌కు మారింది. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి. జ్ఞాపకాలు కలగాపులగం అయ్యే రకం కాదు ఆవిడ. కానీ పుస్తకం ఊసెత్తడం మానేసింది. అది నాకు నచ్చలేదు.

2018 వేసవిలో బర్మింగ్‌హామ్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబంవాళ్ళు తమ అమ్మాయి నిశ్చితార్థం ఆ గాదెలోనే పెట్టుకున్నారు. పల్లెటూరి అందం కోసమట. నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. చూద్దును కదా, పెంకుల కప్పు కింద దీపాల తోరణాలు, మన బంతిపూల దండలు. పళ్ళేలు సర్దుతుంటే పెళ్ళికూతురు వచ్చి, "ఆంటీ, నా బ్రైడల్ రూమ్ చూద్దురుగాని రండి, క్యూట్‌గా ఉంటుంది," అని లాక్కుపోయింది.

గదికి పాత తలుపు. మందంగా వార్నిష్ వేశారు. దాని మధ్యలో ఇనప అంకెలు, ఒకటి పక్కన ఇంకో ఒకటి, పదకొండు. వాటి కింద, వార్నిష్ లోపల, అరచేతంత ఎర్ర మరక. తాంబూలం పళ్ళెం పక్కన పెట్టేశాను. అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే, "ఇది ఒరిజినల్ అండీ, ఈ పొలంలోదే. తాళం కూడా ఒరిజినలే, చెవి మాత్రం లేదు. అందరూ దీని ముందే ఫొటోలు దిగుతారు," అంది. నేనూ ఒక ఫొటో తీసుకున్నాను.

ఆవిడ ఆ ఫొటోను భూతద్దంతో చాలాసేపు చూసింది. అడుగున ఎడం పక్క చిన్న గీతలు చూపించింది. వాళ్ళ పిల్లి గీరిన గీతలట. తర్వాత భూతద్దం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చా?"

"పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళకు చూపించడానికి ఓపెన్ డే పెడతారట. వచ్చే నెల ఆదివారం."

"ఆదివారమైతే మంచిదే," అంది.

పదకొండో నంబరు తాళంచెవిని నేను మూడు రోజులు కొబ్బరినూనెలో నానబెట్టి, తుడిచి, ఆవిడకిచ్చాను. బొట్టు పెట్టలేదు.

ఆ ఆదివారం ఆవిడను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. మళ్ళీ అదే మంచి కోటు. గాదెలో ఇరవై జంటలు, వాళ్ళ అమ్మలూ నాన్నలూ. పెద్దమనిషి టై కట్టుకుని, అందరినీ వెంటబెట్టుకుని, ఈ పొలం చరిత్ర చెబుతూ తిరుగుతున్నాడు. బ్రైడల్ రూమ్‌లో కేకులు, గ్లాసులు సర్ది పెట్టారు. చివరగా అక్కడికే తీసుకొస్తాడు. మేం ముందే వెళ్ళాం. నేను బయట నుంచే తలుపు దగ్గరకు లాగి మూశాను. ఆవిడ కుర్చీలోంచి వంగి తాళంచెవి దూర్చింది. మొదటిసారి తిరగలేదు. రెండోసారి నేను చెయ్యి వేయబోతే వద్దంది. మూడోసారి రెండు చేతులూ పెట్టి తిప్పింది. లోపల గడియ పడిన చప్పుడు నాకు ఒంటి నిండా వినబడింది. చెవి తీసి బ్యాగులో వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గుంపు వచ్చింది. పెద్దమనిషి పిడి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"తాళం ఎవరు వేశారు?"

"నేను," అంది ఆవిడ.

అప్పుడు గుర్తుపట్టాడు. ముందు ఆవిడను, తర్వాత నన్ను. నవ్వడానికి ప్రయత్నించి, "ఇవ్వండి, చెవి ఇవ్వండి," అన్నాడు.

"ఏ తాళంచెవి?"

"ఈ తలుపుది. ధాన్యపు కొట్టు తలుపుది."

లండన్‌లో వెంబ్లీ నుంచి కూతురికోసం వచ్చిన గుజరాతీ తల్లి ఒకామె ముందుకొచ్చింది. మన దగ్గర పెళ్ళి హాలు చూడ్డానికి వచ్చిన తల్లి ఏదీ అడక్కుండా వదలదు. "కొట్టుకు నంబరెందుకండీ? పదకొండంటే మిగతా పది ఎక్కడున్నాయి?" అంది.

పెద్దమనిషి చక్రాల కుర్చీ మీదికి వంగి ఏదో గొణిగాడు.

"వినబడలేదు. ఏ ఇంటిదో చెప్పి అడుగు, తెరుస్తాను," అంది ఆవిడ.

ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. తొమ్మిదేళ్ళుగా నా నాలుక చివర కాచుకుని కూర్చున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"నెమ్మదిగా చెప్పండి. మాకు అర్థం కాలేదు," అన్నాను.

ఇరవై జంటలు చూస్తున్నారు. లోపల కేకులున్నాయి. ఆయన ముఖం తలుపు మీది మరక రంగుకు వచ్చింది.

"పదకొండో నంబరు ఇంటి తాళంచెవి," అన్నాడు, అందరికీ వినబడేలా.

ఆవిడ తాళం తీసింది. నేను కుర్చీని గడప దాటించాను. లోపలికి వెళ్ళాక అందరి వైపు తిప్పమంది. "చాపెల్‌కు వెళ్తూ తాళం వేసి వెళ్ళాను," అని చెప్పింది వాళ్ళకు, మామూలు గొంతుతో. "తిరిగి వచ్చేసరికి తలుపు లేదు. ఇన్నేళ్ళకు దొరికింది. మాది కాలవ గట్టున పన్నెండు ఇళ్ళ వరస. మేం వెళ్ళిపోలేదు, మమ్మల్ని వెళ్ళగొట్టారు. రండి, లోపలికి రండి. కాళ్ళు తుడుచుకుని రండి."

వాళ్ళు నిజంగానే ఒక్కొక్కరూ కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చారు. గుజరాతీ ఆవిడ చెప్పులు కూడా విడిచింది. అందరి వెనకా పెద్దమనిషి గడప మీద కాలు పెట్టాడు.

"నువ్వు కాదు," అంది ఆవిడ.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. టీలు, కేకులు అయ్యేదాకా బయటే నిలబడ్డాడు. అంత రుచైన కేకు నేను ఈ దేశంలో ఇంతవరకూ తినలేదు.

2019లో, చలి తగ్గుతున్న రోజుల్లో, ఆవిడ నిద్రలోనే పోయింది. హ్యాండ్‌బ్యాగు తనతోపాటే పెట్టెలో పెట్టమని ముందే రాసిచ్చిందట, పెట్టారు. అందులో ఏముందో నాకూ ఆయనకూ తెలుసు. ఆయన తలుపుకు కొత్త తాళం వేయించాడనీ, అంకెలు పీకించాడనీ విన్నాను. పుస్తకం ఇప్పటికీ అక్కడ అమ్ముతున్నారు, ఒక్క వాక్యం కూడా మారలేదు. అందుకే నేనిది రాశాను.

మా హాల్లో చెక్క మీద తొమ్మిది తాళంచెవులు వేలాడుతున్నాయి. దసరాకు వాటిని నీళ్ళతో కడిగి నూనె రాస్తాను, కుంకుమ పెట్టను. మూడు మేకులు ఖాళీ. పదకొండో మేకు ఎప్పటికీ ఖాళీయే, ఆవిడ ఇల్లు ఖాళీ చేయలేదు కాబట్టి. నాలుగు, తొమ్మిది మాత్రం నేను నా చేతులతో ఇచ్చినవి, ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయన తెచ్చి తగిలించేదాకా ఆ మేకులను నేను రోజూ చూస్తూనే ఉంటాను.